నాంటహేలా నదిలో గైడ్ లేని రాఫ్ట్: ఎవరు తీసుకోవచ్చు, ఏం చూసుకోవాలి

నార్త్ కరోలినా పడమటి కొండల్లో, బ్రైసన్ సిటీకి పదమూడు మైళ్ళ దూరంలో నాంటహేలా నది మీద రాఫ్ట్ ట్రిప్పులు మూడు రకాలుగా దొరుకుతాయి. మొదటి రకంలో ప్రతి పడవలోనూ గైడ్ ఉంటారు. రెండో రకంలో కొన్ని పడవలకు కలిపి ఒకే గైడ్, ముందు పడవలో వెళ్తూ దారి చూపిస్తారు. మూడో రకంలో పడవ, తెడ్లు, లైఫ్ జాకెట్లు చేతికిచ్చి, కాసేపు పాఠం చెప్పి, బస్సులో పైకి తీసుకెళ్ళి నది దగ్గర దింపేస్తారు. అక్కడి నుంచి మీ పడవ మీదే. అట్లాంటా, షార్లెట్ వైపు నుంచి వచ్చే మనవాళ్ళలో ఎక్కువమంది మొదటిది బుక్ చేసుకుని, ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. ఈ నదిలో అసలు విలువ మూడో రకంలో ఉంది. గుంపులో అందరికీ కాస్తో కూస్తో ఈత వచ్చి, ఒక్కరికైనా ఇంతకు ముందు తెడ్డు పట్టిన అనుభవం ఉంటే నిస్సంకోచంగా అదే తీసుకోండి. ఈత రానివాళ్ళు, నీళ్ళంటే బెదిరేవాళ్ళు ఉంటే గైడ్ ఉన్న పడవే సరైనది.

కారణం నది తీరులోనే ఉంది. బీచర్‌టౌన్ దగ్గర పడవ దింపితే వెస్సర్ దాకా ఎనిమిది మైళ్ళు. అందులో చాలా భాగం క్లాస్ 1, 2 నీళ్ళే. అంటే చిన్న అలలు, ముందే కనిపించే రాళ్ళు, తప్పుకోవడానికి చాలినంత సమయం. నీళ్ళ కష్టం పెరిగేకొద్దీ క్లాస్ అంకె పెరుగుతుంది. నిజంగా జాగ్రత్త పడాల్సిన చోట్లు రెండే: దిగిన కొద్దిసేపటికే వచ్చే ప్యాటన్స్ రన్, చివర్లో క్లాస్ 3 నాంటహేలా ఫాల్స్. ఈ రెండింటి మధ్య దాదాపు రెండు గంటల పాటు తప్పులు చేయొచ్చు, దిద్దుకోవచ్చు. పక్కనే యూఎస్ 19 రోడ్డు సాగుతుంది కాబట్టి ఏదైనా జరిగితే ఒడ్డెక్కి సాయం అడగడానికి వీలుంటుంది. రిషీకేశ్‌లో గంగ మీద గైడ్ వెనక కూర్చుని అరిస్తే మనం తెడ్డు వేస్తాం, అంతే. ఇక్కడ నీటిని చదవడం మనమే నేర్చుకుంటాం.

నీళ్ళు వానను నమ్ముకుని రావు. 1942లో పూర్తయిన నాంటహేలా డ్యాం వెనక సరస్సు ఉంది. అక్కడి నీళ్ళు కొండలోంచి గొట్టాల ద్వారా కిందనున్న విద్యుత్ కేంద్రానికి వస్తాయి. టర్బైన్లు తిప్పి బయటపడ్డ నీళ్ళే పడవల నీళ్ళు. నీళ్ళు వదిలే వేళలను ఆ కేంద్రాన్ని నడిపే డ్యూక్ ఎనర్జీ సంస్థ ముందుగా ప్రకటిస్తుంది. వేసవిలో దాదాపు రోజూ పగటిపూట వదులుతారు. సుమారు ఆరేడు వందల క్యూసెక్కులు. శ్రీశైలం గేట్లెత్తిన వార్తల్లో లక్షల లెక్క వినే మనకు ఈ అంకె చిన్నగా తోస్తుంది. కానీ ఇంత ఇరుకైన లోయలో, ఇంత వాలులో ఆ నీళ్ళకే పడవను అడ్డంగా తిప్పి రాయికి అదిమేసే బలం ఉంది. కేంద్రం ఆగితే నది రాళ్ళ గుట్టలా బయటపడుతుంది. సొంత కయాక్‌తో (ఒకరిద్దరు కూర్చునే సన్నటి పడవ) వచ్చేవాళ్ళు ఆ రోజు వేళలు చూసుకోకుండా బయల్దేరకూడదు. నీళ్ళు వదలగానే దిగువన అంతటా ఒకేసారి పెరగవు, అల కిందికి నడిచి రావడానికి సమయం పడుతుంది. పొద్దున్నే తొందరపడి దిగి గబగబా వెళ్తే ఆ నీటిని దాటిపోయి రాళ్ళ మీద ఈడ్చుకోవాల్సి వస్తుంది.

ఇక ఈ ట్రిప్పులో అందరూ తక్కువగా అంచనా వేసేది చలిని. నీళ్ళు సరస్సు లోతుల్లోంచి వస్తాయి కాబట్టి జులైలో కూడా 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే పది సెల్సియస్‌కి, అటూ ఇటూగా ఉంటాయి. రోడ్డు మీద 85 డిగ్రీల ఎండ చూసి, టీషర్టు, షార్ట్స్ చాలనుకుంటారు. పడవ బోల్తా కొట్టకపోయినా తడవక తప్పదు. ఈ రాఫ్టుల అడుగున నీళ్ళు బయటికి పోయే రంధ్రాలుంటాయి. వాటిలోంచే నీళ్ళు లోపలికీ వస్తాయి. రెండు గంటలసేపు పాదాలు ఆ నీళ్ళలోనే ఉంటాయి. ముందు కాళ్ళ వేళ్ళు మొద్దుబారతాయి, తర్వాత చేతివేళ్ళు. చేతివేళ్ళు మొద్దుబారితే తెడ్డు మీద పట్టు పోతుంది, చివర్లో ఫాల్స్ దగ్గరికి వచ్చేసరికి గుంపు మొత్తం నీరసపడిపోతుంది. ఆ ఒక్క చోట పడవలు తిరగబడటానికి అలల పెద్దతనం ఎంత కారణమో ఈ నీరసమూ అంతే కారణం.

కాబట్టి వెట్‌సూట్ (నీళ్ళలో ఒంటి వేడి నిలిపే రబ్బరు దుస్తు) అద్దె దగ్గర పిసినారితనం వద్దు. లోపల కాటన్ బట్ట ఏదీ వేయకండి. కాటన్ తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఈతదుస్తులో, జిమ్‌కి వేసుకునే పాలియెస్టర్ బట్టలో చాలు. వెట్‌సూట్ బిగుతుగా పట్టాలి. నడుము దగ్గర, మోకాలి వెనక సంచిలా వదులుంటే లోపల నీళ్ళు ఆడుతూ చలి పెంచుతాయి, ఒక సైజు తగ్గించి అడగండి. పాదాలకు ఉన్ని సాక్సులు, వాటి మీద పాత స్పోర్ట్స్ షూస్. హవాయి చెప్పులు, క్రాక్స్ మొదటి అలకే కొట్టుకుపోతాయి, రాళ్ళ మీద దిగాల్సి వస్తే కాలు కోసుకుంటుంది. పిల్లలకు పైన స్ప్లాష్ జాకెట్ కూడా తీసుకోండి, అందరికంటే ముందు వణికేది వాళ్ళే. చున్నీ, స్కార్ఫు, వదులు లాల్చీ లాంటివి కారులోనే ఉంచాలి, కొమ్మకో తాడుకో చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్ళు వెట్‌సూట్ లోపలికి వేసుకుని జిప్పు మెడదాకా లాగండి. ఉంగరాలు మాత్రం తీసేయండి. చలికి వేళ్ళు సన్నబడి జారిపోతాయి.

లోయ నిటారుగా ఉండటం వల్ల మధ్యాహ్నం దగ్గర పడితేగానీ ఎండ నీటిదాకా దిగదు. పొద్దున వేసవిలో కూడా చల్లటి నీటి మీద తెల్లటి మంచు తెర పరుచుకుని ఉంటుంది. చూడటానికి అద్భుతం. రోడోడెండ్రాన్ పొదలు నీటి మీదికి వంగి, మంచులోంచి పచ్చగా ఒక్కొక్కటే బయటపడతాయి. కానీ కొత్తవాళ్ళకు రాళ్ళు ఆలస్యంగా కనిపిస్తాయి, చలి రెట్టింపు. మొదటిసారి వచ్చేవాళ్ళు పదకొండుకు అటూ ఇటూ పడవ నీళ్ళలో దింపేలా బుక్ చేసుకోవడం మంచిది. శనివారం మధ్యాహ్నాలు నది పడవలతో కిక్కిరిసి ఉంటుంది, ఫాల్స్ పైన వరుస కట్టి ఆగాల్సి వస్తుంది. వీలైతే మామూలు రోజు చూసుకోండి.

పడవల్లో రాఫ్ట్ కాక డక్కీ అని గాలి నింపిన కయాక్ ఉంటుంది. ఒకరికి, ఇద్దరికి రెండు సైజుల్లో దొరుకుతుంది. రెండువైపులా పళ్ళెం ఉండే తెడ్డుతో నడుపుతారు. ఒంటరి డక్కీ ఈ నదికి అన్నిటికంటే ఆనందమైన పడవ. చిటికెలో తిరుగుతుంది, తప్పు ఎవరిదో తేల్చుకునే పని లేదు. కానీ బోల్తా కొడితే తిరిగి ఎక్కడం రావాలి. పడవను సరిచేసి, పక్కనుంచి రెండు చేతులూ ఆ వైపు అంచు మీదుగా చాపి, కాళ్ళు నీటి పైకి తెచ్చి గట్టిగా తన్నుతూ పొట్ట మీద పాకి ఎక్కాలి. కాళ్ళు పడవ కిందికి వేలాడుతుంటే ఎంత లాగినా ఎక్కలేరు. ఇద్దరి డక్కీలో బరువైన మనిషి వెనక కూర్చోవాలి, తిప్పే బాధ్యత వెనకవారిదే. రాఫ్టు మీద ఎక్కేవాళ్ళ కనీస బరువు 60 పౌండ్లు, అంటే 27 కిలోలు. ఏడెనిమిదేళ్ళ సన్నపు పిల్లలు చాలామంది దీనికి తూగరు. అంతదూరం వచ్చాక కౌంటర్ దగ్గర పిల్ల ఏడుస్తుంటే చేసేదేమీ ఉండదు. ఇంట్లోనే తూకం చూసుకోండి. డక్కీకి ఇంకా ఎక్కువ బరువు అడుగుతారు.

రాఫ్టులో నలుగురు ఉంటే బాగా తిరుగుతుంది. ఆరుగురు ఎక్కితే బరువుకి మందగించి, చెప్పిన మాట ఆలస్యంగా వింటుంది. ఎడమ, కుడి బరువులు దగ్గరగా ఉండేలా కూర్చోండి. కూర్చునేది అడుగున కాదు, పక్క ట్యూబు మీద. లోపలివైపు పాదాన్ని అడ్డ ట్యూబు కిందికి దోపాలి, పట్టు దొరికేంతే దోపండి, పడితే జారి బయటికి రావాలి. దిగేముందు ట్యూబుల్ని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. ఎండలో గట్టిగా ఉన్న ట్యూబు ఈ చల్లటి నీళ్ళలో పది నిమిషాలకే మెత్తబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది. మెత్తటి పడవ అలలో నడుము విరిగినట్టు మడుచుకుని వేగం పోగొట్టుకుంటుంది. కాబట్టి పడవను నీళ్ళలో కాసేపు ఉంచి, మళ్ళీ నొక్కి చూసి, మెత్తబడితే పంపు అడగండి. లైఫ్ జాకెట్ భుజాలు పట్టుకుని పక్కవాళ్ళు పైకి లాగితే చెవులదాకా లేవకూడదు. లేస్తే పక్క పట్టీలు బిగించండి, భుజం పట్టీలు తర్వాత. హెల్మెట్ వాళ్ళు ఇవ్వకపోయినా అడిగి తీసుకోండి.

తెడ్డు పైకొసన టీ ఆకారంలో పిడి ఉంటుంది. దాని మీద చెయ్యి ఎప్పుడూ ఉండాలి. వదిలేస్తే ఆ పిడి పక్కవారి పళ్ళకో ముక్కుకో తగులుతుంది. ఈ నది మీద దెబ్బలు రాళ్ళ వల్లే కాదు, పిడుల వల్లా తగులుతాయి. మాటలు ముందే అనుకోండి: ముందుకి, వెనక్కి, ఆపు, అంతే. ఎడమకు తిరగాలంటే ఎడమవైపు వాళ్ళు వెనక్కి, కుడివైపు వాళ్ళు ముందుకి వేయాలి. ఆజ్ఞ ఇచ్చేది వెనక కూర్చున్న ఒక్కరే. నలుగురూ సలహా ఇచ్చే పడవ రాయి దగ్గరికి అడ్డంగానే వెళ్తుంది. ‘రైట్’ అనే మాట వాడకండి. ఒకరు కుడి అనుకుంటారు, ఇంకొకరు సరే అనుకుంటారు.

దిగిన వెంటనే బయల్దేరొద్దు. ఒడ్డు దగ్గర నిలకడ నీళ్ళలో పడవను రెండువైపులా గుండ్రంగా తిప్పడం, ఒక్కసారిగా ఆపడం పది నిమిషాలు సాధన చేయండి. ఆ పది నిమిషాలు దాటవేసినవాళ్ళే ప్యాటన్స్ రన్‌లో నీళ్ళలో పడతారు. అది ఒక వంపు. ఏ వంపులోనైనా నీరు బయటి ఒడ్డుకు తోస్తుంది. ఇక్కడ ఆ బయటివైపే రాళ్ళున్నాయి. కొత్తవాళ్ళు రాళ్ళు కనిపించాక తిప్పడం మొదలుపెడతారు, అప్పటికే ఆలస్యం. వంపు రాకముందే లోపలి ఒడ్డువైపు చేరి, పడవ ముక్కును ఆ ఒడ్డుకేసి కాస్త తిప్పి, ముందుకి గట్టిగా వేస్తూనే ఉండాలి. వేయడం ఆపితే నీరు ఎటు లాగితే అటే. నీటికంటే వేగంగానో నిదానంగానో కదిలే పడవే మన మాట వింటుంది.

నీటిని చదవడానికి రెండు గుర్తులు చాలు. రెండు రాళ్ళ మధ్య నున్నటి నీళ్ళు దిగువకు కొసదేలిన త్రికోణంలా కనిపిస్తే అది దారి. కొస మనవైపుంటే ఆ కొసలో రాయి ఉన్నట్టు, పైకి కనిపించకపోయినా సరే. ప్రతి పెద్ద రాయి వెనకా నీళ్ళు నిలిచి, నెమ్మదిగా పైకి తిరుగుతుంటాయి. దాన్ని ఎడ్డీ అంటారు. పడవను అందులోకి దూర్చి ఆపడం నేర్చుకుంటే నది మొత్తం చేతికొచ్చినట్టే. డెలెబార్స్ రాక్, విర్ల్‌పూల్ లాంటి చోట్ల ఇందుకు మంచి అవకాశాలున్నాయి. రాయి పక్కనుంచి దాన్ని రాసుకుంటున్నట్టు వెళ్ళి, రాయి దాటుతుండగానే ముక్కును దాని వెనక్కి తిప్పి మూడు గట్టి వేటులు వేయండి. దూరం నుంచి మెల్లగా ప్రయత్నిస్తే వడి బయటికి నెట్టేస్తుంది.

పడవ రాయికి అడ్డంగా తగులుతుందని తెలిసినప్పుడు అందరి శరీరమూ సహజంగా రాయికి దూరంగా, నీళ్ళు వచ్చేవైపుకి జరుగుతుంది. అదే పొరపాటు. అటువైపు ట్యూబు కిందికి దిగితే నీళ్ళు దానిమీదికెక్కి పడవను రాయికి చుట్టేస్తాయి. అందరూ రాయివైపే దూకాలి, రాయిని కౌగిలించుకున్నట్టు. నీళ్ళు వచ్చేవైపు ట్యూబు తేలితే నీళ్ళు కిందినుంచి పోతాయి, కాసేపట్లో పడవ జారి విడిపోతుంది. తగలడం తప్పదనిపిస్తే పక్క చూపించకుండా ముక్కుతోనే గుద్దండి, పడవ బంతిలా వెనక్కి వస్తుంది.

నీళ్ళలో పడితే లేచి నిలబడకండి. మోకాలి లోతు దాటిన వడి నీళ్ళలో నిలబడితే పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, వడి ఒంటిని ముందుకు తోసి తలను నీళ్ళలో ముంచేస్తుంది. ఇంత చిన్న నదిలో కూడా ప్రాణాలు తీయగల ప్రమాదం ఇది. వెల్లకిలా పడుకుని, పాదాలు పైకి తేల్చి దిగువకు పెట్టి, తెడ్డు చేతిలోనే ఉంచుకుని, నిలకడ నీళ్ళు కనిపించగానే బోర్లా తిరిగి ఈదండి. ఎవరైనా తాడు విసిరితే తాడునే పట్టుకుని భుజం మీదుగా వేసుకోండి, చేతికి చుట్టుకోవద్దు. ఒడ్డునుంచి నీటిలోకి పడిన చెట్టు కనిపిస్తే ఎంత దూరమైనా తప్పుకోండి. నీరు కొమ్మల్లోంచి పోతుంది, మనిషి పోలేడు.

సగం దారిలో ఫెర్‌బీ పార్కు దగ్గర ఆగొచ్చు. చలి పట్టినవాళ్ళు ఇక్కడ కాసేపు ఎండలో నిలబడి, తిండి తిని బయల్దేరితే మిగతా సగం మారిపోతుంది. మూత గట్టి డబ్బాలో పులిహోర పడవలో తెచ్చుకోవచ్చు, డ్రై బ్యాగులో (నీళ్ళు చొరని సంచి) పెట్టి అడ్డ ట్యూబుకి కట్టేయండి. పిల్లలు చిన్నవాళ్ళయితే ఫెర్‌బీ నుంచే మొదలుపెట్టడం ఇంకో మార్గం, ప్యాటన్స్ రన్ తప్పిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు నీళ్ళలోకి రామంటే బ్రైసన్ సిటీ నుంచి ఈ లోయలోకి గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ రైల్‌రోడ్ రైలు నడుస్తుంది, వెళ్ళి రావడానికి సుమారు నాలుగున్నర గంటలు. వాళ్ళను రైలెక్కించి మీరు పడవెక్కొచ్చు.

నాంటహేలా ఫాల్స్ సంగతి ముందురోజే మొదలుపెట్టాలి, లేదా బస్సెక్కకముందు. రోడ్డు పక్కనుంచి నడిచివెళ్ళి చూసే వీలుంది. అక్కడ నిలబడి కనీసం పది పడవలు పోయేదాకా చూడండి. ఏ పడవ ఎక్కడ ప్రవేశించింది, ఏ గుండం ఎవరిని అడ్డం తిప్పింది, తెడ్డు వేయడం ఆపిన పడవలకేమైంది అన్నది కళ్ళముందే తెలుస్తుంది. పైనుంచి చూస్తే నది అంచు తెగినట్టుంటుంది, నీటి మీదికి వచ్చాక ఏ రాయి ఏదో పోల్చుకోలేరు. అందుకే ఒడ్డుమీదున్న చెట్టో బండో గుర్తు పెట్టుకుని, ‘దాని ఎదురుగా వచ్చాక ఇటు’ అని అనుకోవాలి. లోపలికి పోయాక సూత్రం ఒక్కటే: ముక్కు నేరుగా, తెడ్లు నీళ్ళలో. ఫొటో తీస్తున్నారని చేతులు పైకెత్తినవాళ్ళే ఆ ఫొటోలో గాల్లో ఉంటారు. పడితే భయపడాల్సింది లేదు, కింద నీళ్ళు సర్దుకుంటాయి. కానీ వెంటనే ఒడ్డుకి రండి. దిగే చోటు దాటి కిందికి కొట్టుకుపోతే వెస్సర్ ఫాల్స్ ఉంది, అది రాఫ్టులకు పనికొచ్చే జలపాతం కాదు. పడవను కాపాడుకోవాలని దిగే చోటు దాటి వెంట వెళ్ళకండి, పడవ పోతే పోనీయండి.

దగ్గర్లోని టెనెసీ ఒకోయీ నదితో దీన్ని పోల్చడం మామూలే. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వడి నీళ్ళ పడవ పోటీలు జరిగింది ఒకోయీలో. అక్కడ క్లాస్ 3, 4 నీళ్ళు ఎడతెరిపి లేకుండా వస్తాయి, పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించుకోరు. కేవలం ఉత్కంఠ కావాలంటే అక్కడికి, గైడుతో వెళ్ళండి. నాంటహేలాలో ఉత్కంఠ ఐదు నిమిషాలే. దాన్ని చప్పగా ఉందని తక్కువ చేసి రాసేవాళ్ళు దాదాపు అందరూ గైడ్ పడవలో కూర్చుని వచ్చినవాళ్ళే. అదే నీళ్ళలో ఒంటరి డక్కీ ఎక్కితే ఎనిమిది మైళ్ళూ పని ఉంటుంది. ఇక్కడి పాత సంస్థ నాంటహేలా అవుట్‌డోర్ సెంటర్ 1972 నుంచి నడుస్తోంది. రెండు రోజులు ఉండగలిగితే అక్కడి కయాక్ పాఠాలు ఒకరోజు తీసుకుని రెండోరోజు సొంతంగా దిగడం మంచి వరస.

బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో నాలుగు విషయాలు అడగండి: వెట్‌సూట్ ధరలో కలిసి ఉందా, రాఫ్టుకి ఎంతమందిని వేస్తారు, ఆ రోజు నీళ్ళు ఎప్పుడు ఆపుతారు, పాఠం నీళ్ళ దగ్గర చెప్తారా కౌంటర్ దగ్గరే చెప్తారా. నీళ్ళ దగ్గర చెప్పేవాళ్ళనే ఎంచుకోండి. లోయలో సెల్ సిగ్నల్ సరిగా ఉండదు, దారి మ్యాపు ముందే దించుకోండి. కారు తాళం లైఫ్ జాకెట్ జేబులో పెట్టొద్దు, కౌంటర్లో ఇచ్చి వెళ్ళండి. కళ్ళద్దాలకు తల వెనక కట్టే పట్టీ కొనండి. పొడి బట్టలు, తువ్వాళ్ళు, ఫ్లాస్కులో టీ కారులో ముందు సీట్లోనే పెట్టుకోండి, ఒడ్డెక్కాక వణికే చేతులతో డిక్కీలో సంచులు వెతకడం కష్టం.